ఒకే తీగ – రెండు గొంతులు

ఒక వేదికను ఊహించుకోండి. దానిమీద కళాకారులు ఇద్దరే ఉన్నారు. ఒకరి చేతిలో ఫిడేలు ఉంది. దాని బరువు అరకిలో కూడా ఉండదు. దానికి తీగలు నాలుగే. రెండవవారి ముందు మనిషెత్తు వాద్యం ఒకటి నిలబడి ఉంది. అది ముక్కోణపు చట్రం. అందులో పొట్టివీ పొడుగువీ కలిపి 47 తీగలు. అడుగున కాళ్ళతో తొక్కే పెడళ్ళు 7. బరువు దాదాపు 40 కిలోలు. ఈ వాద్యాన్ని హార్పు అంటారు.

ఫిడేలు కళాకారుడు కమాను లాగుతాడు. స్వరం నూనెధారలా తెగకుండా సాగుతుంది. హార్పు కళాకారిణి వేళ్ళతో తీగలను మీటుతుంది. స్వరాలు చినుకుల్లా ఒక్కొక్కటే రాలి, వెంటనే సన్నగిల్లిపోతాయి. రెండూ తీగ వాద్యాలే. రెండింటిలోనూ కంపించేది బిగించి కట్టిన తీగే. అలాంటప్పుడు ఒకదాని గొంతు సాగడమేమిటి, రెండవదాని గొంతు రాలడమేమిటి?

మనకు హార్పు కచేరీ వినే అవకాశం తక్కువ. కాని ఇలాంటి జంటే మన సంగీతంలోనూ ఉంది. అది ఫిడేలు, వీణల జంట. 1966లో లాల్గుడి జయరామన్ ఫిడేలునూ, ఎన్. రమణి వేణువునూ, వెంకటరామన్ వీణనూ ఒకే వేదికపైకి తెచ్చి వాయించినప్పుడు ఆ కలయికకు మంచి పేరు వచ్చింది. అక్కడా కమానుతో పలికే తీగ ఒకటి, మీటితే పలికే తీగ ఒకటి.

ఇంకొక విశేషం. మా సబ్బవరానికి ఒక పక్క విశాఖపట్నం, ఈశాన్యాన విజయనగరం, ఇంకా పైకి వెళితే బొబ్బిలి ఉన్నాయి. ఈ మూడు ఊళ్ళకూ మన కథతో సంబంధం ఉంది. విజయనగరం ఫిడేలుకు పేరు పొందింది. బొబ్బిలి వీణకు పేరు పొందింది. ఈ రెండు వాద్యాల గుట్టునూ పరిశోధించిన శాస్త్రజ్ఞుడు చిన్నతనంలో చదువుకున్నది విశాఖపట్నంలో.

తీగకు మూడు షరతులు

తీగ సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో దాన్ని పౌనఃపున్యం అంటారని మీరు చదివారు గదా. పౌనఃపున్యం ఎక్కువైతే స్వరం హెచ్చుస్థాయిలో, తక్కువైతే తగ్గుస్థాయిలో వినిపిస్తుంది. తీగ ఎంత పౌనఃపున్యంతో కంపించాలో మూడు విషయాలు నిర్ణయిస్తాయి. మొదటిది పొడవు. పొడవు సగమైతే పౌనఃపున్యం రెట్టింపవుతుంది. రెండవది బిగువు, అనగా తన్యత. పౌనఃపున్యం రెట్టింపు కావాలంటే తన్యత నాలుగు రెట్లు కావాలి. మూడవది తీగ మందం. ఒక్కొక్క మీటరు తీగ బరువు నాలుగు రెట్లయితే పౌనఃపున్యం సగానికి పడిపోతుంది. ఈ నియమాలను ఫ్రాన్సు దేశపు మతగురువు మెర్సెన్ 1636లో అచ్చు వేయించిన గ్రంథంలో వివరించాడు.

హార్పులో ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క తీగ ఉంటుంది. అందుకే అన్ని తీగలు. ఫిడేలులో నాలుగు తీగలే ఉన్నా, వేలితో నొక్కి పొడవు తగ్గిస్తూ ఎన్ని స్వరాలైనా రాబట్టవచ్చు. ఫిడేలు నాలుగు తీగల బిగువూ కలిపితే సుమారు 20 నుంచి 25 కిలోల బరువు వేలాడదీసినంత. హార్పు 47 తీగల బిగువు కలిపితే దాదాపు ఒక టన్ను! ఆ లాగుడుకు తట్టుకోవాలి కనుకనే హార్పు చట్రం అంత బలంగా ఉంటుంది.

బిగువు తగ్గించిన దంపతులు

ఈ బిగువు లెక్క ఒక జంట జీవితంలో ఎలా పనిచేసిందో చూడండి. జర్మనీ దేశంలో లూయీ ష్పోర్ అనే ప్రసిద్ధ ఫిడేలు విద్వాంసుడు ఉండేవాడు. 1806లో ఆయన డోరెట్ అనే హార్పు కళాకారిణిని వివాహం చేసుకున్నాడు. దంపతులిద్దరూ ఊరూరా తిరిగి జంట కచేరీలు చేశారు. ఇద్దరూ కలిసి వాయించడానికి ష్పోర్ స్వయంగా సంగీతం రాశాడు.

అయితే ఒక చిక్కు వచ్చింది. ఫిడేలు మన లెక్కలో రెండు శ్రుతిలో, పడమటివారి లెక్కలో 'డి' లో, బాగా మోగుతుంది. ఎందుకంటే వేలితో నొక్కని తీగలు కూడా ఆ శ్రుతి స్వరాలకు అనునాదం చెందుతాయి. ఆనాటి హార్పు మాత్రం రెండున్నర శ్రుతిలో బాగా మోగేది. ఆ శ్రుతిలో పెడళ్ళేవీ తొక్కనవసరం లేదు. తీగలన్నీ నిండు పొడవుతో కంపిస్తాయి. మరి ఎవరి శ్రుతిలో ఎవరు వాయించాలి?

ష్పోర్ ఒక ఉపాయం చేశాడు. హార్పు తీగలన్నిటినీ అరస్వరం కిందికి దించి శ్రుతి చేయించాడు. డోరెట్ తనకు అనువైన రెండున్నర శ్రుతి వేళ్ళతోనే వాయిస్తుంది. వినిపించేది మాత్రం రెండు శ్రుతి. ఇద్దరి వాద్యాలూ నిండుగా మోగుతాయి!

దీనివల్ల మరొక లాభమూ ఉంది. లెక్క వేద్దాం. ఒక స్వరానికీ, దానికి అరస్వరం పైన ఉన్న స్వరానికీ పౌనఃపున్యాల నిష్పత్తి సుమారు 1.06. తన్యత పౌనఃపున్యపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక ఆ నిష్పత్తి సుమారు 1.12. అంటే అరస్వరం దించితే 100 పాళ్ళు ఉన్న బిగువు 89 పాళ్ళకు వస్తుంది. ఆ రోజుల్లో తీగలు జంతువుల పేగుతో చేసినవి. నూటికి పదకొండు పాళ్ళు బిగువు తగ్గితే అవి తెగడం తగ్గుతుంది. కచేరీ మధ్యలో తీగ తెగడం కళాకారులకు ఎంత ఇబ్బందో వేరే చెప్పాలా?

కాని బిగువు కథ డోరెట్‌ను వదలలేదు. సెబాస్టియన్ ఎరార్ అనే వాద్య నిర్మాత 1810లో కొత్తరకం హార్పుకు పేటెంటు పొందాడు. అందులో ప్రతి పెడలునూ రెండు మెట్లు తొక్కవచ్చు. ఒక్కొక్క మెట్టుకు తీగ పొడవులో సుమారు పద్దెనిమిదవ వంతు తగ్గి, స్వరం అరస్వరం పెరుగుతుంది. 90 సెంటీమీటర్ల తీగ అయితే 5 సెంటీమీటర్లు పొట్టి అవుతుందన్నమాట. ఈనాటి కచేరీ హార్పులన్నీ ఈ పద్ధతిలోనివే. 1820లో లండన్ వెళ్ళినప్పుడు డోరెట్ ఈ కొత్త హార్పు మీద సాధన మొదలుపెట్టింది. అది పెద్దది, తీగల బిగువు ఎక్కువ. అసలే సున్నితమైన ఆమె ఆరోగ్యం ఆ శ్రమకు ఓర్చుకోలేకపోయింది. ప్రాణంలా చూసుకున్న హార్పును ఆమె విడిచిపెట్టి, పియానో వైపు మళ్ళవలసి వచ్చింది. మీటే వేళ్ళు ప్రతిసారీ ఆ బిగువును ఎదుర్కొనవలసిందే గదా.

చిల్లికుండ, కుళాయి

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు వద్దాం. మీటిన స్వరం ఎందుకు సన్నగిల్లుతుంది?

అడుగున చిన్న చిల్లి ఉన్న కుండ తీసుకొని నిండా నీళ్ళు పోయండి. నీటి మట్టం మెల్లగా తగ్గుతుంది. తీగను మీటడం ఇలాంటిదే. వేలు తీగను పక్కకు లాగినప్పుడు దానిలో కొంత శక్తి నిలువ చేరుతుంది. వదలగానే తీగ కంపిస్తుంది. గుర్రం (తీగలు ఆనుకొనే బ్రిడ్జిని మనవాళ్ళు గుర్రం అంటారు) ద్వారా ఆ శక్తి వాద్యపు చెక్కలోకి పోతుంది. చెక్క గాలిని కంపింపజేస్తుంది. మనం వినే ధ్వని అదే. అంటే ధ్వని రూపంలో, వేడి రూపంలో శక్తి ఖర్చు అవుతూనే ఉంటుంది. కొత్తగా వచ్చేది లేదు. కనుక స్వరం తగ్గుతూ పోతుంది.

కమాను పద్ధతి వేరు. అదే చిల్లికుండను కుళాయి కింద పెట్టండి. పోయే నీరు పోతూనే ఉంటుంది, వచ్చే నీరు వస్తూనే ఉంటుంది. మట్టం తగ్గదు. కుళాయి కొంచెం ఎక్కువ తిప్పితే మట్టం పెరుగుతుంది కూడా. కమాను లాగుతున్నంతసేపూ కళాకారుడి చేతి శక్తి తీగలోకి వచ్చి పడుతూనే ఉంటుంది. అందుకే ఫిడేలు స్వరాన్ని సాగదీయవచ్చు, చిన్నగా మొదలుపెట్టి పెద్దది చేయవచ్చు. వీణ మీద, హార్పు మీద ఒకసారి మీటిన తరువాత స్వరాన్ని పెద్దది చేయడం సాధ్యం కాదు.

పట్టు – జారు

కమాను ఒకే దిక్కుకు సాఫీగా కదులుతుంది. తీగ మాత్రం ఇటూ అటూ కంపిస్తుంది. ఒకవైపు లాగితే రెండువైపులా ఊగడం ఎలా సాధ్యం?

దీనికి కారణం ఘర్షణ. కమానుకు గుర్రపు తోక వెంట్రుకలు కడతారు. వాటికి రోజన్ అనే పైన్ చెట్ల బంకను రాస్తారు. ఆ బంక వల్ల వెంట్రుక తీగను పట్టుకొని తనతో లాక్కుపోతుంది. తీగ కొంతదూరం పోయాక పట్టు వదులుతుంది. తీగ ఝటితిగా వెనక్కు జారుతుంది. మళ్ళీ వెంట్రుక పట్టుకుంటుంది. పట్టు, జారు, పట్టు, జారు – ఇలా కంపనం సాగుతుంది. స్థిర ఘర్షణ జారుడు ఘర్షణ కన్నా ఎక్కువగా ఉండడం వల్లనే ఇది జరుగుతుంది. నూనె లేని తలుపు బందు కిర్రుమనడానికీ, నల్లబల్లమీద సుద్దముక్క కీచుమనడానికీ కారణం కూడా ఇదే. కర్ణకఠోరమైన ఆ కీచుమనే శబ్దానికీ, తియ్యని ఫిడేలు స్వరానికీ చుట్టరికం ఉందన్నమాట!

ఈ పట్టు–జారు సెకనుకు ఎన్నిసార్లు జరగాలో తీగే నిర్ణయిస్తుంది. పడమటివారు 'ఏ' అని పిలిచే ఫిడేలు తీగ సెకనుకు 440 సార్లు కంపిస్తుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్‌జ్ ప్రత్యేకమైన సూక్ష్మదర్శినితో ఈ కంపనాన్ని పరీక్షించాడు. 1863లో వెలువడిన తన గ్రంథంలో ఒక వింత వివరించాడు. మన కంటికి కంపించే తీగ మధ్యలో ఉబ్బిన కదురులా కనిపిస్తుంది. నిజానికి ఏ క్షణంలో చూసినా కమాను తాకిన తీగ రెండు తిన్నని గీతలుగా ఉంటుంది. ఆ రెండు గీతలూ కలిసేచోట ఒక మూల ఉంటుంది. ఆ మూల తీగ వెంట ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పరుగెత్తుతూ ఉంటుంది. మూల వచ్చి కమానును దాటినప్పుడు పట్టు వదులుతుంది. గుర్రాన్ని తాకి తిరిగి వచ్చినప్పుడు పట్టు దొరుకుతుంది.

ఆ మూల ఎంత వేగంగా పరుగెత్తుతుంది? ఫిడేలు తీగ పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. ఒక కంపనానికి పోను రాను 66 సెంటీమీటర్లు. సెకనుకు 440 కంపనాలు. అంటే సెకనుకు 290 మీటర్లు. గంటకు వెయ్యి కిలోమీటర్లకు పైమాటే!

అనుస్వరాల సంగతి

ఒకే శ్రుతిలో, ఒకే తీవ్రతతో పలికినా ఫిడేలును ఫిడేలు అనీ, వీణను వీణ అనీ ఎలా గుర్తుపడతాం? ధ్వని నాణ్యతను బట్టి. తీగ మొత్తంగా కంపిస్తూనే, రెండు భాగాలుగా, మూడు భాగాలుగా, నాలుగు భాగాలుగా కూడా ఏకకాలంలో కంపిస్తుంది. మొత్తంగా కంపించడం వల్ల వచ్చేది ప్రాథమిక స్వరం. మిగిలినవి దానికి రెండు, మూడు, నాలుగు రెట్ల పౌనఃపున్యం గల అనుస్వరాలు. ఏ అనుస్వరం ఎంత పాలు ఉందో దాన్ని బట్టి వాద్యానికి దాని గొంతు వస్తుంది. కూరలో దినుసుల పాళ్ళు మారితే రుచి మారినట్లే.

తీగను ఎక్కడ మీటుతామన్నది ఇక్కడ ముఖ్యం. హార్పు తీగను వేలికొసల మెత్తని భాగంతో, చివరలకు దూరంగా మీటుతారు. అందుకే హార్పు స్వరం మెత్తగా ఉంటుంది. వీణను గోటితో, గుర్రానికి దగ్గరగా మీటుతారు. పై అనుస్వరాలు బాగా పలుకుతాయి. కమానుతో పలికిన తీగలో అనుస్వరాలు ఇంకా దండిగా ఉంటాయి.

ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు థామస్ యంగ్ 1800లో ఒక నియమం చెప్పాడు. తీగ రెండు భాగాలుగా కంపించేటప్పుడు సరిగ్గా మధ్యబిందువు కదలదు. అలాంటి చోటును అస్పందన బిందువు అంటారు. మీరు తీగను ఆ మధ్యబిందువు దగ్గరే మీటితే ఏమవుతుంది? ఆ బిందువును మీరే కదిలించారు. కనుక అది కదలకుండా ఉండవలసిన అనుస్వరాలు అసలు పుట్టవు. ఏ బిందువు దగ్గర మీటితే, ఆ బిందువు అస్పందనంగా ఉండవలసిన అనుస్వరం లోపిస్తుంది. ఇదీ యంగ్ నియమం. నూరేళ్ళకు పైగా దీన్ని ఎవరూ శంకించలేదు. ఈ నియమాన్ని గుర్తు పెట్టుకోండి. మళ్ళీ పని ఉంది.

మన హార్పు ఏమయింది?

హార్పు మనకు పరాయిది అనుకుంటున్నారా? కాదు. గుంటూరు సీమలోని అమరావతి స్తూపానికి చెక్కిన సున్నపురాతి శిల్పాలను చూడండి. విల్లులా వంగిన వాద్యాన్ని ఒడిలో పెట్టుకొని మీటుతున్న స్త్రీలు కనిపిస్తారు. నాలుగవ శతాబ్దపు సముద్రగుప్త చక్రవర్తి తన బంగారు నాణెం మీద ఇలాంటి వాద్యాన్నే వాయిస్తూ కూర్చున్నాడు. ఆ రోజుల్లో వీణ అన్న పేరు ఈ విల్లు హార్పుకే ఉండేది. తమిళుల 'యాళ్' కూడా ఈ జాతిదే. బౌద్ధంతో పాటు ఇది సముద్రం దాటి బర్మా చేరింది. పడవ ఆకారంలో ఉండే 'సాంగ్' అనే హార్పును అక్కడివారు ఈనాటికీ వాయిస్తారు.

మన దగ్గర మాత్రం అది పోయింది. పండితులు చెప్పే ఒక కారణం గమకం. మన సంగీతంలో స్వరం ఒక్కచోట నిలబడదు; ఊగుతుంది, జారుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది. హార్పులో ఒక తీగకు ఒకే స్వరం. మెట్లున్న వీణలో అయితే తీగను మెట్టుమీద నొక్కి పక్కకు లాగితే చాలు. తన్యత పెరిగి స్వరం పైకి జారుతుంది. 24 మెట్లతో, వాయించే తీగలు నాలుగు, తాళపు తీగలు మూడుతో ఈనాటి వీణ అలా స్థిరపడింది. విల్లు హార్పు రాళ్ళలో మిగిలింది.

గమకమే ఫిడేలుకు మన ఇంట్లో చోటు చూపింది. ఫిడేలుకు మెట్లు లేవు. వేలు జారిన మేరకల్లా స్వరం జారుతుంది. పందొమ్మిదవ శతాబ్దం తొలి రోజుల్లో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వంటివారు ఈ పడమటి వాద్యాన్ని నేర్చి కర్ణాటక సంగీతానికి మలిచారు. అది గాయకుడి పక్క వాద్యంగా స్థిరపడింది.

దాన్ని సొంతంగా కచేరీ చేయగల వాద్యంగా నిలబెట్టినవారిలో ముఖ్యులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. ఆయన 1893లో పుట్టారు; పెరిగింది విశాఖపట్నంలో. విజయనగరంలో 1919లో మహారాజా సంగీత కళాశాల ఏర్పడినప్పుడు ఆయన విద్యార్థిగా చేరబోయారు. ఆయన వాయిద్యం విన్నవారు విద్యార్థిగా కాక ఆచార్యుడుగా నియమించారు. తరువాత 1936లో ఆ కళాశాలకే అధ్యక్షులయ్యారు. చూపు మందగించినా వేలికి, చెవికి ఉన్న పట్టు తగ్గలేదు. ప్రపంచ ప్రసిద్ధ ఫిడేలు విద్వాంసుడు యెహూది మెనుహిన్ 1952లో మద్రాసులో ఆయన కమాను విని మెచ్చుకున్నాడు.

విశాఖలో చదివిన బాలుడు

ఇక మూడవ ఊరి కథ. తిరుచిరాపల్లిలో 1888లో పుట్టిన ఒక బాలుణ్ణి నాలుగేళ్ళ వయసులో తల్లిదండ్రులు విశాఖపట్నం తీసుకువచ్చారు. తండ్రి ఇక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో లెక్కలు, భౌతికశాస్త్రం బోధించేవారు. ఆ బాలుడు పదకొండేళ్ళకే ఇక్కడ మెట్రిక్యులేషన్ పూర్తి చేశాడు. ఆయనే చంద్రశేఖర వెంకట రామన్. రామన్ అనగానే 1928 నాటి కాంతి పరిశోధన, 1930 నాటి నోబెల్ బహుమతి గుర్తుకు వస్తాయి. అంతకు పదేళ్ళ ముందు ఆయన మనసంతా తీగల మీదా, తోళ్ళ మీదా ఉండేదని చాలామందికి తెలియదు.

కలకత్తాలో ఉండగా 1918లో రామన్ కమాను తాకిన తీగల కంపనాలపై ఒక పెద్ద గ్రంథమే ప్రచురించాడు. తరువాత ఫిడేలు వాయించే యంత్రాన్ని ఒకటి తయారు చేశాడు. మనిషి చేయి ప్రతిసారీ ఒకే వేగంతో, ఒకే ఒత్తిడితో కమానును లాగలేదు. యంత్రమైతే లాగగలదు. రామన్ యంత్రంలో తమాషా ఏమిటంటే, కమాను కదలదు. ఫిడేలే ముందుకూ వెనక్కూ కదులుతుంది! గుర్రానికి ఎంత దూరంలో, ఎంత వేగంతో రాస్తే, తీగ చక్కగా పలకడానికి కనీసం ఎంత ఒత్తిడి కావాలో ఆ యంత్రంతో కొలిచాడు.

1921లో ఆయన చూపు వీణ మీదా తంబుర మీదా పడింది. యంగ్ నియమం గుర్తుందా? తీగను మధ్యలో మీటితే రెండవ అనుస్వరం రాకూడదు. రామన్ తంబుర తీగను మీటి చూశాడు. రాకూడని అనుస్వరం ఖణేలుమని పలికింది! వీణలోనూ ఇలాంటి ఫలితమే కనిపించింది.

నియమం తప్పా? కాదు. నియమానికి ఒక షరతు ఉంది. తీగ కొస ఒకే బిందువు దగ్గర గట్టిగా ఆగాలి. ఫిడేలు గుర్రం పైఅంచు పలుచన. తీగ అక్కడ ఒకే చోట ఆనుతుంది. వీణ గుర్రం మీద వెడల్పుగా, కొద్దిగా వంపు తిరిగిన లోహపు రేకు ఉంటుంది. తీగ ఆ వంపు మీద ఒరుగుతూ పోతుంది. తీగ కిందికి ఊగినప్పుడు వంపు మీద ఇంకొంచెం ఆనుతుంది. పైకి లేచినప్పుడు కొంచెం వీడుతుంది. అంటే ప్రతి ఊపులోనూ తీగ ఆనే చోటు మారుతుంది. దీనివల్ల ప్రాథమిక స్వరం శక్తి అనుస్వరాలలోకి మళ్ళుతూ ఉంటుంది. పుట్టుకలో లేని అనుస్వరం తరువాత పుడుతుంది. తంబురలో గుర్రానికీ తీగకూ మధ్య సన్నని దారపు పోగు పెడతారు. దాన్ని 'జీవా' అంటారు. పోగును కొంచెం ముందుకో వెనక్కో జరిపితే తంబుర 'జుమ్' అంటూ ప్రాణం పోసుకుంటుంది. మీటగానే తగ్గిపోవలసిన స్వరం అనుస్వరాలతో మిలమిలలాడుతూ సాగినట్లు వినిపిస్తుంది. చిల్లికుండను మనం మార్చలేదు. ఉన్న నీటినే చెవికి మరింత ఇంపుగా ఖర్చు పెట్టించాం.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటుంది. ఈ వంపును వీణ గుర్రానికి దిద్దినవారు యంగ్ నియమం చదవలేదు. తరాల తరబడి చెవి పెట్టి, ఆకురాయితో అరగదీసి, మళ్ళీ చెవి పెట్టి కనుగొన్నారు. పుస్తకం చేరని చోటికి వారి చెవి ముందే చేరింది. దానికి కారణం చెప్పే పని రామన్ చేశాడు.

ఆ చెవి నేటికీ బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఉంది. అక్కడి కళాకారులు పనస దుంగను తొలిచి వీణలు చేస్తారు. కుండా, దండీ ఒకే దుంగలో వచ్చేలా చేసే ఏకాండి వీణకు మరీ గిరాకీ. బొబ్బిలి వీణకు ప్రభుత్వపు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే ముదురు పనస చెట్టు ఉండాలి, ఓపికగా నేర్చుకొనే కుర్రవాళ్ళు ఉండాలి, కొని వాయించేవారు ఉండాలి. ఈ మూడింటిలో ఏది తగ్గినా వీణ కూడా విల్లు హార్పు దారినే పోగలదు.

జంట ఎందుకు బాగుంటుంది?

మీటిన స్వరానికి మొదలు స్పష్టంగా ఉంటుంది. 'ఇదిగో, ఇక్కడ మొదలైంది' అని చెవికి చెబుతుంది. కాని అది నిలవదు. కమాను స్వరం నిలుస్తుంది, పెరుగుతుంది, తగ్గుతుంది. అయితే దాని మొదలు అంత పదునుగా ఉండదు. వీణ గాని, హార్పు గాని కాలాన్ని చుక్కలుగా పెడితే, ఫిడేలు ఆ చుక్కలను కలుపుతూ గీత గీస్తుంది. ముంగిట్లో ముగ్గు వేసినట్లు. ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. ఫ్రెంచి సంగీతకర్త సాన్‌సాన్స్ 1907లో ఫిడేలు, హార్పుల కోసం ఒక రచన చేసి, ఒకరు ఫిడేలు, ఒకరు హార్పు వాయించే ఐస్లర్ సోదరీమణులకు అంకితం ఇచ్చాడు. ఆ రచనలో నేపథ్యంగా చుక్కలు పెట్టే పని చాలావరకు హార్పుదే.

చేసి చూడండి

1. ఖాళీ అగ్గిపెట్టెకు రబ్బరు బ్యాండు తొడిగి మీటండి. తరువాత అదే బ్యాండును రెండు వేళ్ళ మధ్య అంతే బిగువుతో పట్టుకొని మీటండి. ధ్వనిలో తేడా గమనించండి. పెట్టె ఏ పని చేసింది?

2. మీ పాఠశాలలో సోనోమీటరు ఉంటే దాని తీగను సరిగ్గా మధ్యలో మీటండి. వెంటనే పక్షి ఈకతో ఆ మధ్యబిందువునే మెల్లగా తాకండి. ధ్వని దాదాపు ఆగిపోతుంది. మధ్యలో మీటడం వల్ల సరిసంఖ్య అనుస్వరాలు పుట్టలేదు. మధ్యలో తాకడం వల్ల బేసిసంఖ్యవి ఆగిపోయాయి. ఇక మిగిలిందేమీ లేదు.

3. భజన మందిరంలోనో, సంగీతం నేర్చుకొనే స్నేహితుల ఇంట్లోనో తంబుర ఉంటే, పెద్దల అనుమతితో ఇదే పరీక్ష దానిమీద చేయండి. ముందు దారం సరిచేసి, 'జుమ్' అనే నాదం వచ్చిన తరువాత మొదలుపెట్టండి. మధ్యలో తాకినా పైస్థాయి స్వరం మిగిలి వినిపిస్తుంది. తరువాత గుర్రానికి కాస్త ముందు, తీగ కింద గుండ్రని సన్నని పెన్సిలు దూర్చి, తీగ దానిమీద మాత్రమే ఆనేట్లు చేసి, మళ్ళీ పరీక్షించండి. ఈసారి మధ్యబిందువు పెన్సిలు నుంచి కొలవాలి. రెండు ఫలితాలనూ పక్కపక్కన రాసుకోండి.

ఆలోచించండి

అ) కమానుకు రోజన్‌కు బదులు నూనె రాస్తే ఫిడేలు పలుకుతుందా?

ఆ) హార్పును ఒక అరస్వరం కాక ఒక పూర్తి స్వరం, అనగా రెండు అరస్వరాలు దించితే తన్యత నూటికి ఎంత అవుతుంది?

ఇ) వీణ మెట్లు గుర్రం వైపు వెళ్ళేకొద్దీ దగ్గర దగ్గరగా ఎందుకు ఉంటాయి? స్కేలుతో కొలిచి, పక్కపక్క మెట్ల దూరాలకు నిష్పత్తి కట్టి చూడండి. ఈ వ్యాసంలో వచ్చిన సంఖ్య ఒకటి మీకు మళ్ళీ ఎదురవుతుంది.